ఆదివారం నాటి సంతకం

కొమురయ్య ఏ బండి కనబడినా ముందు నెంబరు చదువుతాడు, తర్వాత గడియారం చూస్తాడు. పదహారేళ్లుగా అతను చేస్తున్న పని అదే. రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు కాస్త దూరంలో పన్నెండు అంతస్తుల అద్దాల భవనం ఒకటి ఉంది. దానికి నాలుగు గేట్లు. మూడో గేటు దగ్గర అతను సెక్యూరిటీ గార్డు. లోపలికి వచ్చే ప్రతి బండి నెంబరూ, వచ్చిన వేళా రిజిస్టరులో ఎక్కించాలి. చేతిలో రిజిస్టరు లేనప్పుడు కూడా ఆ చెయ్యి ఊరుకోదు. బస్సు టికెట్ వెనకో, టీ కొట్టు దగ్గర చినిగిన అట్టముక్క మీదో ఏదో ఒక నెంబరు రాస్తూనే ఉంటుంది.

ఆ అలవాటు వల్లే మనవరాలి కేసు కమిషన్ దాకా వెళ్లింది. అదే గేటు దగ్గర నేర్చుకున్న ఇంకో అలవాటు ఆ కేసు మెడకు చుట్టుకుంది.

మనవరాలి పేరు ఉమాశ్రీ. మూడో ఏడు నడుస్తోంది. కుడిచెయ్యి భుజం దగ్గర నుంచి కిందికి వేలాడుతుంది, అరచెయ్యి వెనక్కి తిరిగి ఉంటుంది. అన్నం, పలక, పరుగు, అన్నీ ఎడమచేత్తోనే. బోరబండలో వాళ్ల గల్లీ చివరి గుడిలో పూజారి ప్రసాదం ఇవ్వబోయి "కుడిచెయ్యి పట్టమ్మా" అంటే, ఆ పిల్ల ఎడమచేత్తో కుడిచేతిని పైకెత్తి, కింద నుంచి పట్టుకుని నిలబడుతుంది. ఒకసారి చూసిన పూజారి మళ్లీ ఆ మాట అనలేదు.

2022 ఆగస్టులో ఒక ఆదివారం, మదీనాగూడలోని ఓ ప్రైవేటు ప్రసూతి ఆస్పత్రిలో ఆ పిల్ల పుట్టింది. కొమురయ్య కూతురు నవనీతకు అది మొదటి కాన్పు. ఆమెకు గర్భంలో షుగరు వచ్చింది. బిడ్డ పెద్దగా ఉందని, ఆపరేషన్ పడవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆదివారం పొద్దున నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు శేఖర్ క్యాబ్ డ్రైవరు, విమానాశ్రయం దారిలో ఉన్నాడు. కొమురయ్య భార్య అంజమ్మ నాట్ల కోసం జనగామ వైపు ఊరికి వెళ్లింది. కాన్పు గది బయట కూర్చున్నది కొమురయ్య ఒక్కడే.

రెండు గంటలకు నర్సులు హడావిడి పడ్డారు. డాక్టరు ఏదని అడిగితే "వస్తున్నరు" అన్నారు. కొమురయ్య గేటు దగ్గరికి వెళ్లి అక్కడి వాచ్‌మన్‌ను అడిగాడు.

"మేడం బాచుపల్లికి పోయింది పెద్దాయనా, ఎవల్దో గృహప్రవేశమట. భోజనాలు అయినంక వస్తది," అన్నాడు అతను.

మూడూ ఇరవై అయిదుకు బిడ్డ పుట్టింది. తల బయటికొచ్చి భుజం ఇరుక్కుంటే లోపల ఉన్న నర్సు తలపట్టి లాగిందని నవనీత తర్వాత చెప్పింది. ఏడుపు వినబడటానికి చాలాసేపు పట్టింది. ఆ ఏడుపు విన్నాక కొమురయ్య మళ్లీ గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. తెల్లకారు లోపలికి వచ్చింది. పట్టుచీరతో డాక్టరమ్మ దిగింది. కొమురయ్య జేబులోంచి మందుల చీటీ తీసి, దాని వెనక కారు నెంబరు రాసి, పక్కన 4-10 అని రాశాడు. బండి వచ్చింది, రాశాడు.

బిడ్డకు ఏడాదిన్నర వచ్చాక, చేతికి వ్యాయామం చేయించే ఆమె అసలు సంగతి చెప్పింది. పుట్టేటప్పుడు లాగితే భుజంలో నరాలు తెగుతాయి, ఇది అదే, ఆస్పత్రి ఫైలు అడిగి తీసుకోండి అంది. ఆస్పత్రి మూడుసార్లు తిప్పి, నాలుగోసారి ఫైలు నకలు ఇచ్చింది. అందులో డాక్టరు మధ్యాహ్నం రెండు నుంచీ కాన్పు గదిలోనే ఉన్నట్టు రాసి ఉంది.

కేసు వేయడానికి ఉన్న రెండేళ్ల గడువు తీరడానికి ఇంకా పందొమ్మిది రోజులు ఉన్నాయనగా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశారు. వకీలు భీమేశ్వరరావు. లక్డీకాపూల్‌లో రెండో అంతస్తులో ఆయన ఆఫీసు. మందుల చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన కళ్లద్దాలు తీశాడు.

"ఫైల్లో రాసింది తప్పని చెప్పడానికి మన దగ్గర ఉన్నది ఈ కాగితమూ, మీరూ అండి. అమ్మాయి నొప్పుల్లో ఉంది కాబట్టి ఆమెకు టైము తెలియదంటారు. మీ మాట నిలబడితే కేసు నిలబడుతుంది. గెలిస్తే పాప చేతికి ఆపరేషన్, పదేళ్ల వైద్యం ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. ఆలస్యమయ్యే కొద్దీ నరం పనికిరాకుండా పోతుందని డాక్టర్లే అంటున్నారు."

కొమురయ్య తాను చూసిందంతా ప్రమాణం మీద రాసిచ్చాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

*

నాలుగు నెలల తర్వాత సెక్యూరిటీ ఏజెన్సీ సూపర్‌వైజరు శివశంకర్ మూడో గేటుకు వచ్చాడు. కడప వైపు మనిషి. ఎప్పుడూ గొంతు పెంచడు. ఆ రోజు చేతిలో రెండు టీ కప్పులు ఉన్నాయి. అతను గార్డుకు టీ తేవడం కొమురయ్య ఎన్నడూ చూడలేదు.

"ఏమప్పా కొమురయ్యా, కేసు ఏసినావంట?"

"ఎవలు చెప్పిన్రు సార్?"

"ఆ ఆస్పత్రి గేటుకాడ కూడా మన పిల్లోళ్లే కదా ఉండేది." శివశంకర్ టీ ఊదుకున్నాడు. "నీతో మాట్లాడిన ఆ వాచ్‌మన్ ఇప్పుడు ఈడ ల్యాడు. ఊరికి పోయినాడు."

కొమురయ్య తన చొక్కా భుజం మీద ఉన్న ఏజెన్సీ గుర్తు వైపు చూసుకున్నాడు. ఆస్పత్రి వాచ్‌మన్ భుజం మీదా అదే గుర్తు ఉంది. బండి నెంబర్లు చూసే మనిషి ఆ రోజు దాన్ని చూసి కూడా పట్టించుకోలేదు.

"ఒకటి చెప్తా విను. ఆ ఆదివారం నువ్వు డ్యూటీలో ఉండావు. హాజరు పట్టీ చెప్తాంది. పొద్దున సంతకం, సాయంత్రం సంతకం. డ్యూటీలో ఉన్నోడు మదీనాగూడలో కారును ఎట్లా చూసినాడని అడుగుతారు. టీ తాగు, చల్లారిపోతాంది."

ఇక్కడ ఆ గేట్ల సంగతి కొంత చెప్పాలి. ఆదివారం ఆ భవనంలో మనుషులు ఉండరు. నాలుగు గేట్లకు నలుగురు అక్కర్లేదు. ఒకడికి పని పడితే పక్క గేటువాడు రెండూ చూసుకుంటాడు, హాజరు పట్టీలో రెండు సంతకాలూ పెడతాడు. మరో ఆదివారం వీడు వాడికి పెడతాడు. దీన్ని గార్డులు 'సర్దుడు' అంటారు. మనిషి తగ్గితే భవనం వాళ్లు ఏజెన్సీ బిల్లులో కోత పెడతారు కనుక, శివశంకర్‌కు తెలిసినా తెలియనట్టే ఉంటాడు. పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఎనిమిదింటికి హాజరు పట్టీని ఫోన్‌లో ఫోటో తీసి గార్డుల వాట్సాప్ గ్రూపులో పెడతాడు. భవనం మేనేజరు కూడా ఆ గ్రూపులో ఉంటాడు. వరుసలన్నీ నిండి ఉంటే చాలు.

ఆ ఆదివారం కొమురయ్య వరుసలో సంతకం పెట్టింది నాలుగో గేటు శ్రీను.

*

శ్రీనుకు ఇరవై తొమ్మిదేళ్లు. జనగామ వైపు, కొమురయ్య ఊరికి పక్క ఊరివాడు. కొమురయ్యను కాకా అంటాడు. ఇద్దరూ డబ్బాలు విప్పి కూర్చున్నప్పుడు కొమురయ్య సంగతి చెప్పాడు. శ్రీను ముందు నవ్వాడు.

"నీ సంతకం నీకంటె నేనే మంచిగ పెడ్త కాకా. నువ్వు పెడితే కోడి గీకినట్టుంటది. నేను పెట్టింది సూసి మేనేజరు సారు మస్తు ఖుషీ అయిండు."

"నవ్వకుర. దవాఖాన వకీలు ఇగ సవాళ్లు రాసి పంపుతడట. ఆ సంతకం ఎవలు పెట్టిన్రని అడుగుతరట."

శ్రీను చేతిలోని ముద్ద డబ్బాలోనే పడిపోయింది.

"కాకా, నేను ఎయిర్‌పోర్టుల గార్డు పనికి పేరిచ్చిన. పోలీసు వెరిఫికేషన్ నడుస్తున్నది. దొంగ సంతకమని కేసు పెడితే నా బతుకు ఏమైతది చెప్పు. నా పేరు మాత్రం రానియ్యకు. నీ కాళ్లు మొక్కుత."

"నువ్వు పెట్టింది నా కోసమే గదరా."

"అందుకే చెప్తున్న."

కొమురయ్య మాట ఇచ్చాడు. ఆ తర్వాత ఇద్దరూ తిన్నారు.

వారం తిరగకుండా ఆస్పత్రి వకీలు నుంచి ప్రశ్నలు కాగితం మీద వచ్చాయి. ప్రమాణం చేసి జవాబులు రాయాలి. నాలుగో ప్రశ్న: 'జతచేసిన హాజరు పట్టీ నకలులో మీ పేరుకు ఎదురుగా ఉన్న సంతకం ఎవరిది, ఎప్పుడు పెట్టినది?'

కొమురయ్య నవనీతతో కలిసి లక్డీకాపూల్ వెళ్లాడు. ఉమాశ్రీ తల్లి ఒడిలో కూర్చుని వకీలు బల్ల మీది పేపరువెయిట్‌ను ఎడమచేత్తో దొర్లిస్తోంది.

"సంతకం మీదేనా అండి?"

"నాదే సార్."

"మరి మీరు ఆస్పత్రిలో ఉన్నారు కదా."

"తెల్లారి డ్యూటీకి పోయి పెట్టిన. ముందటి దినానిది గూడ."

భీమేశ్వరరావు కలం ఆపాడు. "కొమురయ్య గారూ, మీరు పని ఎగ్గొట్టారన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. దాన్ని ఒప్పుకుంటే మంచిదే. కాని ఎలా జరిగిందో అలాగే చెప్పండి. నా దగ్గర ఏమీ దాచొద్దండి. ఒకసారి ఇచ్చాక మార్చుకోవడం కష్టం."

"గట్లనే జరిగింది సార్."

నవనీత తలెత్తి తండ్రి వైపు చూసింది. గుమాస్తా టైపు చేశాడు. నోటరీ ముద్ర పడింది. మధ్యాహ్నానికి కాగితం కమిషన్‌లో దాఖలైంది, ఒక నకలు ఆస్పత్రి వకీలుకూ అందింది.

తిరుగు ప్రయాణంలో షేర్ ఆటో ఎర్రగడ్డ దగ్గర ఆగింది. పిల్ల నిద్రపోయింది.

"బాపూ, తెల్లారి నువ్వు డ్యూటీకి ఎప్పుడు పోయినవ్?" అంది నవనీత.

కొమురయ్య రోడ్డు వైపు చూశాడు.

"తెల్లారంగనే పాపను అద్దాల పెట్టెల పెట్టాలని వేరే దవాఖానకు తీస్కపోయినం. నువ్వే ఎత్తుకున్నవ్. రెండు దినాలు నువ్వు ఆడికెళ్లి కదల్లే. ఆళ్ల ఫైల్ల నీ సంతకం గూడ ఉన్నది."

కొమురయ్య పిల్ల తల మీది కొంగు సర్దాడు.

"ఎవలు పెట్టిన్రు సంతకం? శ్రీనేనా?"

"ఆనికి పోలీసు వెరిఫికేషన్ ఉన్నదే."

"అయితే?" ఆమె గొంతు పెంచలేదు, పిల్ల లేస్తుందని. "ఆని కొలువుకు నువ్వు అడ్డం నిలవడ్డవ్. దీని చెయ్యికి ఎవలు నిలవడాలె బాపూ?"

అప్పుడు కొమురయ్యకు ఫోటో గుర్తొచ్చింది. రోజుకు రెండుసార్లు, ఇన్నేళ్లుగా చూస్తూ ఉన్నదే. ఫోన్ తీసి గ్రూపు తెరిచి నవనీత చేతికిచ్చాడు. ఆమె వేలితో పైకి జరుపుతూ పోయింది. ఆటో అమీర్‌పేట వైపు నుంచి వచ్చే బళ్లకు దారి ఇచ్చి, కదిలి, బోరబండ మలుపు తిరిగేదాకా జరుపుతూనే ఉంది. చివరికి ఆగింది.

ఆగస్టు ఆదివారం, ఉదయం ఎనిమిదీ ఆరు. హాజరు పట్టీ. మూడో వరుసలో కొమురయ్య సంతకం అప్పటికే ఉంది. కింది వరుసలో శ్రీనుది. రెండూ ఒకే వాలుతో, ఒకే చేతివి.

'తెల్లారి పెట్టిన' అని అతను ప్రమాణం చేసి అప్పటికి అయిదు గంటలైంది.

వకీలుకు ఫోన్ చేసి ఫోటో సంగతీ, ఆ సంతకం తనది కాదన్న సంగతీ చెప్పాడు.

"ఆ గ్రూపు ఏజెన్సీది. అంటే ఈ ఫోటో వాళ్ల దగ్గరా ఉందండి. మీ జవాబు చదవగానే బయటికి తీస్తారు. అప్పుడు కారు టైము గురించి మీరు రాసింది కూడా ఎవరూ నమ్మరు." అన్నాడు ఆయన. "రేపు తొమ్మిదిన్నరకల్లా రండి. ఇవాళ ఇచ్చింది తప్పని మనమే ముందుగా ఒప్పుకుని ఇంకో అఫిడవిట్ వేద్దాం. దానికి విలువ ఉండాలంటే సంతకం పెట్టినతను వచ్చి చెప్పాలి. లేదా మీ గేట్ల దగ్గర ఇలాంటివి మామూలేనని రుజువైనా ఉండాలి. తీసుకురాగలరా?"

కొమురయ్య శ్రీనుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. శ్రీను మొత్తం విన్నాడు.

"మాటిచ్చినవ్ గదా కాకా," అన్నాడు. అంతే. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ స్విచాఫ్ అనే వచ్చింది.

*

మర్నాడు పొద్దున కొమురయ్య యూనిఫాం వేసుకోకుండా గేటుకు వెళ్లాడు. సెలవు చెప్పి వెళ్లిపోదామని అతని ఉద్దేశం. శ్రీను కనబడితే ఇంకోసారి అడగాలని కూడా. మొదటి గేటు దగ్గరి గది బయట బల్ల మీద హాజరు పట్టీ తెరిచి ఉంది. మొదటి రెండు వరుసల్లో సంతకాలు ఉన్నాయి. శివశంకర్ ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"శ్రీను రాల్యా. ఫోను కూడా ఎత్తడు. వాని వరుసలో నువ్వు పెట్టెయ్."

"నేను పెట్టాల్నా సార్?"

"కొత్తనా నీకు?" అతను నవ్వాడు. "యూనిఫాం యాడికి పోయింది?"

"ఇయ్యాల డ్యూటీల లేను సార్. వకీలు దగ్గరికి పోవాలె. రజా రాసుకోండి."

నవ్వు పోలేదు గాని, కళ్లలోంచి తప్పుకుంది. శివశంకర్ కలాన్ని బల్ల మీద అతని వైపు మెల్లగా దొర్లించాడు.

"కొమురయ్యా, నీ వయసుకు ఇంకో గేటు దొరకదు. ఆ పిల్ల చెయ్యి ఎట్లాగూ రాదు. ఆస్పత్రోళ్లు మంచోళ్లే, ఏదో ఒకటి చేస్తారు, నేను మాట్లాడతా. నువ్వు రెండు సంతకాలు పెట్టి పోయి నీ గేటుకాడ కూచో. నీకు పొయ్యేదేముంది?"

కొమురయ్య కలం అందుకున్నాడు. దాన్ని పట్టీ నడిమి మడతలో పెట్టాడు.

"పెట్ట సార్. ఆనిదీ పెట్ట, నాదీ పెట్ట."

అతను రోడ్డు మీదికి వచ్చేసరికి లక్డీకాపూల్ మీదుగా కోఠి వెళ్లే బస్సు కదులుతోంది. ఎక్కాడు. కండక్టరు టికెట్ చించి ఇచ్చింది. దాని మీద తేదీ, ఎక్కిన స్టాపు, వేళ అచ్చయి ఉన్నాయి: 8-14. కిటికీ అవతల తెల్లటి ఆఫీసు బస్సులు ఒకదాని వెనక ఒకటి అద్దాల భవనాల్లోకి మళ్లుతున్నాయి. ఒక్కో గేటు దగ్గరా అదే రంగు చొక్కా వేసుకున్న మనిషి వంగి నెంబరు రాసుకుంటున్నాడు. అన్ని భుజాల మీదా అదే గుర్తు. ఇన్ని గేట్లు ఒక్క ఏజెన్సీవేనని అతను ఎప్పుడూ అనుకోలేదు.

శిల్పారామం దాటాక జేబులో ఫోన్ మోగింది. గార్డుల గ్రూపు. హాజరు పట్టీ ఫోటో, రోజూ వచ్చేలాగే.

నాలుగు వరుసలూ నిండి ఉన్నాయి. శ్రీను ఎదురుగా సంతకం ఉంది. కొమురయ్య ఎదురుగా సంతకం ఉంది. కోడి గీకినట్టే ఉంది, అచ్చం తాను పెట్టినట్టే. కింద భవనం మేనేజరు పెట్టిన పైకెత్తిన బొటనవేలు బొమ్మ. ఆ కాగితం ప్రకారం కొమురయ్య ఈ నిమిషాన మూడో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

అతను సీట్లోంచి సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. పక్కనున్న మనిషి "ఏమైంది పెద్దాయనా?" అని అడిగాడు. కొమురయ్య ఏమీ లేదన్నట్టు తలాడించాడు. ఫోన్‌లో మళ్లీ చప్పుడైంది. తనను గ్రూపు నుంచి తీసేసినట్టు ఒక వరుస కనబడింది. దాని పైన ఫోటో అలాగే ఉంది.

చొక్కా జేబులోంచి కలం తీశాడు. బస్సు టికెట్ తిప్పి మోకాలి మీద పెట్టుకుని, గడియారం చూసి రాశాడు: 8-27. బస్సుల ఉన్న. ఆడ నా సంతకం వడ్డది.

తర్వాత బస్సు ముందుభాగానికి నడిచి, డ్రైవరు సీటు వెనక రాసి ఉన్న బండి నెంబరు చదివి, దాన్నీ పక్కన ఎక్కించాడు.